26 ఏళ్ళకు సైకిల్ రోడ్డు రేసుల్లోకి దిగుతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

26 ఏళ్ళు వచ్చాక రోడ్డు రేసుల్లోకి దిగడం ఆలస్యమేమోనని రాశావు. ఊరికే ధైర్యం చెప్పడం నాకు రాదు, ఒక మనిషి సంగతి చెబుతాను. నెదర్లాండ్స్ అమ్మాయి అన్నెమీక్ వాన్ వ్లూటెన్ ఫుట్‌బాల్ ఆడేది. మోకాలు దెబ్బతిని ఆ ఆట మానుకుని సైకిలెక్కింది. యూనివర్సిటీ చదువు పూర్తిచేసింది. పాతికేళ్ళ వయసులో గానీ పెద్ద రేసుల్లో అడుగుపెట్టలేదు. తొలి ప్రపంచ టైటిల్ 2017లో, టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే విడివిడిగా గడియారంతో పోటీపడే రేసులో), 34 ఏళ్ళకు వచ్చింది. 2022లో ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల్లో రోజుల తరబడి సాగే పెద్ద టూర్లు మూడూ ఒకే ఏడాది గెలిచింది. 2023 సెప్టెంబరులో రిటైరయ్యేసరికి 41వ పుట్టినరోజుకు నెల రోజులే ఉంది. కాబట్టి వయసు మాట ఇక ఎత్తకు.

నువ్వు ఆలోచించవలసింది నీ బలం గురించి. నాలుగు గంటలు తొక్కినా నీ కాళ్ళలో సత్తువ తగ్గదు. చివరి రెండు వందల మీటర్లలో మాత్రం అందరూ నిన్ను దాటిపోతారు. దాన్ని లోపమనుకుని రోజూ స్ప్రింట్లు కొట్టి ఒళ్ళు హూనం చేసుకుంటున్నావు. వాన్ వ్లూటెన్ ఎక్కువగా దూరం నుంచే గెలిచింది. 2019లో యార్క్‌షైర్ ప్రపంచ పోటీల్లో గమ్యం ఇంకా వంద కిలోమీటర్ల పైచిలుకు ఉండగానే, ఒక ఎత్తు మీద గుంపును వదిలి ఒంటరిగా వెళ్ళిపోయింది. రెండో స్థానంలో వచ్చిన రైడర్ ఆమెకంటే రెండు నిమిషాలకు పైగా వెనకబడింది. గుంపుతో కలిసి ముగింపు గీత దాకా వెళితే స్ప్రింటర్లదే రాజ్యం, అందుకే అక్కడిదాకా రానివ్వకూడదు. నువ్వూ ఎత్తులున్న రేసులే ఎంచుకో. అందరూ అలసిపోయాక వచ్చే ఎత్తు మీద కదులు. ఆ సత్తువ పెరగాలంటే నీకంటే గట్టిగా తొక్కేవాళ్ళ వెనుక తొక్కాలి. ఆమె చలికాలంలో మగవాళ్ళ జట్టుతో కలిసి సాధన చేసేది. నువ్వు ఆదివారాలు క్లబ్బు కుర్రాళ్ళతో వెళ్ళు, వెనకబడిపోతానని సిగ్గుపడకు.

ఇక నాకు నిజంగా భయం ఉన్నది దిగుడు దగ్గర. 2016 రియో ఒలింపిక్స్‌లో వాన్ వ్లూటెన్ అందరికంటే ముందు ఉండి, తడిసిన ఘాట్ దిగుతూ మలుపులో పడిపోయింది. వెన్నుపూసల్లో చీలికలు, తలకు దెబ్బ. స్వర్ణం ఆమె జట్టు మనిషి అన్నా వాన్ డెర్ బ్రెగెన్‌కు దక్కింది. అంతటి రైడర్‌నే పడేసింది ఆ రోడ్డు. నువ్వు అనంతగిరి ఘాట్‌లో మలుపు మధ్యలో బ్రేకు పట్టడం నేను వెనుక కారులోంచి చూశాను. ఆ అలవాటు వెంటనే మానాలి. వేగం మలుపులోకి వెళ్ళకముందే తగ్గించుకో. చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉండాలి. మలుపు బయటి వైపు పెడల్ కిందికి తెచ్చి, ఒంటి బరువంతా ఆ కాలి మీద వెయ్యి. చూపు ముందు చక్రం మీద కాదు, మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఉండాలి. వాన పడిన రోజు రోడ్డు మీది తెల్ల గీతలు, ఎండుటాకులు, కంకర తప్పించు. ఒకే మలుపును తెల్లవారుజామున లారీలు రాకముందే పదే పదే దిగు. ఎక్కడానికి కేటాయించినంత సమయం దిగడానికీ కేటాయించు.

టోక్యో ఒలింపిక్స్‌లో జరిగింది కూడా గుర్తుపెట్టుకో. 2021లో ఆమె గీత దాటి, గెలిచాననుకుని చేతులెత్తింది. ఆస్ట్రియాకు చెందిన అన్నా కీసెన్‌హోఫర్ మొదట్లోనే విడిపోయి, అప్పటికే స్వర్ణం పట్టుకుపోయింది. ఒలింపిక్ రేసులో చెవిలో రేడియో ఉండదు. నీ రేసుల్లోనూ ఉండదు, ముందు ఎంతమంది వెళ్ళారో మోటారుసైకిలు మీద వచ్చే బోర్డు చూసో, పక్కవాళ్ళను అడిగో నువ్వే లెక్కపెట్టుకో. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఆ తర్వాత చేసినదానికి. మూడు రోజులకే టైమ్ ట్రయల్‌లో స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలోని వాలంగాంగ్‌లో మోచెయ్యి విరిగి సీటు మీంచి లేవలేని స్థితిలో ఉండి కూడా, ఆఖరి కిలోమీటరులో ఒక్కసారిగా దూసుకుపోయి ప్రపంచ విజేత అయింది. స్ప్రింట్ లేని మనిషికి కూడా ఎదుటివాళ్ళు ఊహించని క్షణం ఒకటి దొరుకుతుంది, దానికోసం కళ్ళు తెరిచి ఉండు.

ఉద్యోగం ఇప్పుడే మానకు. ఒక సీజన్ పూర్తిగా తొక్కాక ఆలోచిద్దాం. మీ అమ్మతో నేను మాట్లాడతాను, నువ్వు వాదనకు దిగకు. వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాను, అనంతగిరి కలిసి వెళదాం. వెనుక టైరు అరిగిందని రాశావు కదా, ఆలోగా మార్పించు.

ప్రేమతో,
పెద్దమ్మ