ఆయన రిటైరయ్యారు, నా వంటింటికి చక్రాలొచ్చాయి

ప్రశ్న: "అమెరికాలో ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేశాను, వచ్చే ఏడాది రిటైరవుతున్నాను. మోటార్‌హోమ్ (చక్రాల మీద ఇల్లు) కొని భార్యతో కలిసి దేశమంతా చుట్టి రావాలని కోరిక. ఏ మోడల్ మంచిది? ఖర్చెంత అవుతుంది?"

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అందులో బండి ఉంది, డబ్బు ఉంది, మీ కోరిక ఉంది. మీ ఆవిడ మాత్రం సామాన్ల జాబితాలో మడత కుర్చీలా ఒక మూల కనబడింది. ఆవిణ్ని అడిగారా? అడిగే ఉంటారు లెండి. మా ఆయనా అడిగారు. "వెళ్దామా వద్దా" అని కాదు, "మంచం వెనకాల అడ్డంగా ఉన్నది తీసుకుందామా, నిలువుగా ఉన్నది తీసుకుందామా" అని.

మాది తెనాలి. 1986లో వచ్చాం, ఒహాయోలో కొలంబస్‌లో ఉంటాం. ఆయన రోడ్ల ఇంజనీరు, నేను ల్యాబులో చేశాను. 2019లో ఇద్దరం రిటైరయ్యాం. కరోనా తర్వాత దేశమంతటికీ ఒకేసారి ఈ పిచ్చి పట్టి, పాత బండికి కూడా కొత్త బండి ధర చెప్తున్న రోజుల్లో, సరిగ్గా అప్పుడే, మా ఆయన 2016 మోడల్ క్లాస్ సి (వ్యాన్ ముందుభాగానికి ఇల్లు తగిలించినట్టుండే రకం) ఒకటి 52 వేల డాలర్లు పోసి కొన్నారు. పొడవు 25 అడుగులు, ఎత్తు 11 అడుగులకు ఒక్క అంగుళం తక్కువ. ఆ ఎత్తు ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించారు. నార్త్ కరోలినాలో డర్హమ్ అనే ఊళ్లో ఒక రైలు వంతెన ఉండేదట, 11 అడుగుల 8 అంగుళాలు, దాని కింద దూరబోయి పైకప్పు ఊడగొట్టుకున్న ట్రక్కులు లెక్కలేనన్ని. చివరికి 2019లో రైల్వే వాళ్లు దాన్ని 12 అడుగుల 4 అంగుళాలకు లేపారు, అయినా ఇంకా గుద్దుతూనే ఉన్నారు. ఈ కథ మా ఆయన ఎవరింటికి భోజనానికి వెళ్లినా చెప్తారు. ఇంత పెద్ద బండి నడపడానికి మామూలు కారు లైసెన్సు చాలు. నిన్నటిదాకా క్యామ్రీ నడిపిన మనిషి ఇవాళ పొద్దున్నే ఆరు చక్రాల ఇల్లు తోలుకుంటూ హైవే ఎక్కొచ్చు. అది ఎలా ఒప్పుకున్నారో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక అసలు విషయం. ఆయన రిటైరయ్యారు, నేనూ అయ్యాననుకున్నాను. తీరా చూస్తే నా వంటింటికి చక్రాలొచ్చాయి, అంతే. మూడు పొయ్యిలు, చేతులు చాచలేనంత గట్టు, పళ్లెం పెడితే నిండిపోయే సింకు. యూట్యూబులో జంటలు సూర్యాస్తమయం ఎదురుగా కుర్చీలేసుకుని నవ్వుతుంటారు చూడండి, ఆ వెనక అంట్లు ఎవరు తోముతున్నారో ఒక్కళ్లూ చూపించరు. మనవాళ్లకి శాండ్‌విచ్‌తో సరిపోదు కదా, రెండో రోజుకే "కాస్త చారు పెట్టకూడదూ" అంటారు. ఇడ్లీ పిండి గిన్నె ఎక్కడ పెట్టినా బండి కుదుపులకి ఒలికిపోయేది. ఆఖరికి స్నానాల గది అడుగున పెట్టడం నేర్చుకున్నాను. పొంగినా నేరుగా తూములోకే పోతుంది. కరెంటు 30 ఆంపుల కనెక్షన్, ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ వేశామా టప్‌మని ఆరిపోతుంది. ఎత్తు ప్రాంతాలకి వెళ్తే ఇంకో తంటా. లారమీ అనే ఊరు 7 వేల అడుగుల పైన ఉంది, అక్కడ నీళ్లు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, కుక్కర్ లేకపోతే కందిపప్పు తెల్లారేదాకా ఉడకదు. ఆ కుక్కర్ కూతకి పక్క బండిలో ముసలాయన గ్యాసు లీకవుతోందేమోనని పరిగెత్తుకొచ్చాడు. పప్పన్నం పెట్టి పంపించాం.

బ్లాక్ ట్యాంక్ సంగతి మీకెవరైనా చెప్పారా? టాయిలెట్‌ది ఒక ట్యాంకు, అదే బ్లాక్ ట్యాంకు, సింకూ షవర్‌ల నీళ్లది ఇంకోటి. మూడు నాలుగు రోజులకోసారి డంప్ స్టేషన్ (ఆ మురుగు వదిలే చోటు) దగ్గర ఆపి, గ్లౌజులు తొడుక్కుని, గొట్టం తగిలించి, ముందు బ్లాక్ ట్యాంకు వదిలి, ఆ తర్వాత సింకు నీళ్లు వదిలితే గొట్టం కడిగినట్టవుతుంది. ఈ వరస తప్పకూడదు. ట్యాంకు ఎంత నిండిందో చూపించే దీపాలుంటాయి గానీ వాటి మాట నమ్మకండి, ఖాళీ చేసి పది నిమిషాలు కాకముందే మూడు వంతులు నిండినట్టు చూపిస్తాయి. మా ఆయనకి ఈ పని పరమ అసహ్యం. అసహ్యమని నాతో చెప్పలేదు. నీళ్లు తాగడం తగ్గించేశారు! నీళ్లు తాగకపోతే బాత్రూమ్‌కి వెళ్లక్కర్లేదు, వెళ్లకపోతే ట్యాంకు నిండదు, నిండకపోతే డంప్ చెయ్యక్కర్లేదు. ఇంజనీరు బుర్ర చూడండి.

2022 సెప్టెంబరు ఆఖర్లో బయల్దేరాం. పిట్స్‌బర్గ్ వెంకన్న దగ్గర మొదలుపెట్టి కాలిఫోర్నియాలో మాలిబు వెంకన్న దగ్గర ఆపాలని ఆయన మొక్కు. మేం ఉండేది కొలంబస్‌లో కాబట్టి పడమటికి వెళ్లడానికి ముందు తూర్పుగా మూడు గంటలు నడిపాం. పిట్స్‌బర్గ్ గుడి 1976 నాటిది, మేం వచ్చిన కొత్తలో తెలుగువాళ్ల ఇళ్లలో పిల్లలకి పుట్టువెంట్రుకలంటే అక్కడికే. బండికి పూజ చేయించాం. ఆయన నాలుగే నిమ్మకాయలు తెచ్చారు. వెనక జంట టైర్లు కదా, మొత్తం ఆరు. పూజారిగారు పాపం మిగిలిన రెండూ గుళ్లోంచి తెప్పించారు. పులిహోర కట్టించుకుని ఐ-80 హైవే ఎక్కాం. షికాగో దగ్గర అరోరాలో బాలాజీ దర్శనం, అయోవాలో వాల్‌కాట్ దగ్గర ఒక ట్రక్‌స్టాప్ ఉంది, ప్రపంచంలో పెద్దది తమదేనంటారు, అక్కడ ఒక పూట, నెబ్రాస్కాలో ఇంక చూడ్డానికేం లేదు, దాటేశాం.

వయోమింగ్ చేరేసరికి అక్టోబరు మొదటి వారం. లారమీలో పడుకుని పొద్దున్నే రాలిన్స్ వైపు బయల్దేరాం. ఆ రెండూళ్ల మధ్య 100 మైళ్లు. అందులో ఆర్లింగ్టన్, ఎల్క్ మౌంటెన్ దగ్గర వీచే గాలంటే ట్రక్కుల వాళ్లకే హడల్. గాలి మరీ ఎక్కువైతే ఎత్తెక్కువ, బరువు తక్కువ ఉన్న బండ్లను ఆ రోడ్డు మీదకి రానివ్వరు. మాది అచ్చంగా అలాంటి బండే. ఆ రోజు ఆపలేదు గానీ బోర్డు మీద 45 మైళ్ల ఈదురుగాలులని వెలుగుతోంది. ఆర్లింగ్టన్ గాలిమరలు కనబడుతుండగా మా ఆయన మాట్లాడటం మానేశారు. రోడ్డు మీద ఆయన నోరు మూతపడిందంటే ఏదో తేడా అన్నమాట, లేకపోతే ప్రతి వంతెనకీ ఒక పాఠం చెప్తారు. తిరిగి చూస్తే చొక్కా తడిసిపోయి ఉంది. నడుము పక్కనుంచి పొత్తికడుపులోకి కత్తి దింపినట్టుందన్నారు. ఎలాగో ఎగ్జిట్ తీసుకుని ఆపి, దిగి, చక్రం పక్కనే వాంతి చేసుకున్నారు. గాలికి తలుపు ఊడొచ్చినంత పనైంది.

ముప్ఫై ఏళ్లు ల్యాబులో చేసినదాన్ని, కిడ్నీలో రాయని చూడగానే తెలిసింది. అంబులెన్స్ పిలుస్తానంటే "వద్దు, బిల్లు వేలల్లో వస్తుంది" అంటారు మెలికలు తిరుగుతూ. ఆయన మాట వినకుండా పిలవాల్సింది, మీకలాంటిది వస్తే మీరు పిలవండి. నేను మాత్రం తాళాలు తీసుకున్నాను. అప్పటికి ఆ బండి నేను ఒక్కసారి నడిపాను. ఎక్కడనుకున్నారు? ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్‌లో పావుగంట, పక్కన ఆయన "అయ్యో, అయ్యో" అంటుండగా.

వెనక్కి లారమీ 40 మైళ్లలోపే, ముందుకి రాలిన్స్ 60. వెనక్కే తిప్పాను. నేను అయిదడుగులు, ఆ సీటు ఆరడుగుల వాళ్లకి. కింద ఒక దిండు, వీపు వెనక ఒక దిండు. ఆయన్ని వెనక సోఫాలో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. గాలి కుడిపక్క నుంచి కొడుతోంది. బండి తిన్నగా వెళ్లాలంటే స్టీరింగ్ కొంచెం కుడికి తిప్పి పట్టుకునే ఉండాలి. అంతవరకూ అలవాటైపోయింది. కానీ మధ్యలో గట్టు అడ్డొచ్చిన చోట గాలి ఠక్కున ఆగిపోతుంది, అప్పుడు మన చేతి బలానికి బండి తనంతట తనే కుడికి దూకుతుంది. గట్టు అయిపోగానే మళ్లీ ఎడమకి తోస్తుంది. మొదటిసారి నా ప్రాణం పోయింది. మూడోసారికి గట్టు దూరంగా కనబడగానే చెయ్యి వదులు చెయ్యడం వచ్చింది. హజార్డ్ లైట్లు వేసుకుని 45 మీద పోతుంటే ట్రక్కులన్నీ నన్ను దాటుకుని పోతున్నాయి, ఒక్కోటి దాటినప్పుడల్లా ఇల్లంతా ఊగుతోంది. దానికి తోడు వంటింటి అలమారా తెరుచుకుని స్టీలు గ్లాసొకటి కిందపడింది. అది ఆ చివరికి దొర్లడం, ఈ చివరికి దొర్లడం, లారమీ దాకా ఒకటే చప్పుడు.

ఇంత జరుగుతుంటే వెనకాల నుంచి మూలుగుల మధ్యలో మా ఆయన, "బ్రేకు మీద కాలెయ్యకు... అద్దం చూసుకో... కొంచెం ఎడమకి..." నలభై ఒక్కేళ్ల కాపురంలో మొదటిసారి అన్నాను, "మీరు నోరు మూసుకోండి" అని. అండీ వదల్లేదు, గమనించండి. తర్వాత గ్లాసు చప్పుడొక్కటే మిగిలింది.

ఆసుపత్రి ముందు నాలుగు కార్ల చోటులో అడ్డంగా ఆపేసి లోపలికి తీసుకెళ్లాను. నాలుగు మిల్లీమీటర్ల రాయి, దానంతటదే పోతుంది, నీళ్లు బాగా తాగమన్నారు డాక్టరు. రోజుకి ఎన్ని నీళ్లు తాగుతారని అడిగితే ఆయన నా వంక చూశారు, నేను గోడ వంక చూశాను. ఎవరేమన్నా సరే, ఆ రాయి బ్లాక్ ట్యాంకు వల్ల వచ్చిందే. మావాడు డాక్టరే, "అమ్మా, రాయి రెండు వారాల్లో తయారవదు" అంటాడు. వాడు ఆ బండిలో ఒక్క రాత్రి పడుకోలేదు, వాడికేం తెలుసు.

మూడు రాత్రులు లారమీలోనే ఉన్నాం. ఆ మూడు రోజుల్లో నేను ఇంకో పని నేర్చుకున్నాను, డంప్ చెయ్యడం. పది నిమిషాల పని. పసిపిల్లల గుడ్డలు ఉతికినవాళ్లకి ఇదొక లెక్కా? ఆయనకీ ఒక పని నేర్పాను, పప్పు పెట్టడం. అప్పట్నుంచీ ఒప్పందం మారింది, మధ్యాహ్నం భోజనం దాకా ఆయన నడుపుతారు, తర్వాత నేను. నేను నడిపిన రోజు రాత్రి వంట ఆయనది. ఉప్పు ఇప్పటికీ కుదరదు. యూటాలో జయాన్ సొరంగం దగ్గర 15 డాలర్లు తీసుకుని ఎదురుబళ్లు ఆపి మా బండిని మధ్యలోంచి పంపించారు. 1930 నాటి సొరంగం, ఈ డబ్బాలకోసం తవ్వింది కాదు. అప్పుడు స్టీరింగ్ నాది. పక్క సీట్లో ఆయన సొరంగం ఎలా తవ్వారో చెప్తున్నారు, అంటే ఆరోగ్యం కుదుటపడిందన్నమాట. మాలిబు క్రీక్ స్టేట్ పార్కులో బండి పెట్టుకుంటే గుడి పక్కనే. కొబ్బరికాయ కొట్టాం.

మీరడిగిన ఖర్చు. మాకు రానూపోనూ, పక్కదార్లతో కలిపి 6,200 మైళ్లు తిరిగింది. గ్యాలన్‌కి 9 మైళ్లు ఇస్తే గొప్ప. అప్పట్లో కాలిఫోర్నియాలో గ్యాలన్ అయిదు డాలర్లు దాటి ఉండేది, మొత్తం పెట్రోలుకే దాదాపు మూడు వేలు. కరెంటూ నీళ్లూ ఉన్న ప్రైవేటు పార్కులు రాత్రికి 50 నుంచి 90 దాకా లాగాయి. 62 నిండితే నేషనల్ పార్కుల సీనియర్ పాస్ తీసుకోండి, జీవితాంతానికి 80 డాలర్లు, ఫెడరల్ క్యాంపుల్లో చాలాచోట్ల సగం ధరే. 2017కి ముందు అది పదే డాలర్లు. అప్పుడే తీసుకోమని చెప్తే మా ఆయన "తొందరేముంది" అన్నారు. మీకు 65 దాటి ఉంటే మెడికేర్ (పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఏ రకమో బయల్దేరకముందే చూసుకోండి, ప్రభుత్వం నేరుగా ఇచ్చే అసలు మెడికేర్ అయితే దేశంలో ఎక్కడైనా దాన్ని తీసుకునే డాక్టర్లుంటారు, ఊరి నెట్‌వర్కుకి కట్టుబడిన ప్లానయితే అత్యవసరం దాటాక పేచీ మొదలవుతుంది.

మోడల్ సంగతి తర్వాత. ముందు ఒక బండి మూడు రోజులకి అద్దెకి తీసుకోండి. మొదటి రోజు మీ ఆవిడ నడపాలి, మీరు పక్కన నోరెత్తకూడదు. రాత్రి వంటా, అంట్లూ, ట్యాంకూ మీవి. నాలుగో రోజు పొద్దున్న కూడా ఇద్దరికీ మాటలుంటే ఏ మోడల్ కొన్నా ఫర్వాలేదు.

మేం జనవరిలో అరిజోనా క్వార్ట్‌సైట్ వెళ్తున్నాం, చలికాలంలో ఆ ఎడారి నిండా మాలాంటి ముసలివాళ్ల బండ్లే. మా ఆయన నిన్న మ్యాపు పరిచి నా వాటా గుర్తుపెట్టారు, ఓక్లహోమా దాటి అమరిల్లో మీదుగా, ఐ-40. "గీత గీసినట్టు ఉంటుంది, ఒక్క మలుపు లేదు, నీకు సుఖం" అన్నారు. అక్కడ గాలి ఎలా ఉంటుందో ఆయనకి తెలియక కాదు. ఆ గ్లాసుకి ఇప్పటికే రెండు సొట్టలున్నాయి, ఈసారి గుడ్డలో చుట్టి పెడతాను.