ఛానెల్ మొదలెడుతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

వంటల ఛానెల్ పెట్టి పేరు తెచ్చుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. మీ అమ్మకు నేను సర్దిచెబుతాను. డిగ్రీ మాత్రం మానకు, లెక్క చూస్తే ఎందుకో నీకే తెలుస్తుంది.

యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ గంటలకు బదులు 90 రోజుల్లో షార్ట్స్ అనే చిట్టి వీడియోలకి కోటి వ్యూస్ వచ్చినా సరే. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. ఇది తెలియక ఏడాదంతా షార్ట్సే పెట్టి నీరుగారిపోయేవాళ్లు బోలెడుమంది. నువ్వు వారానికొక పెద్ద వీడియో చెయ్యి, అందులోంచే రెండు ముక్కలు షార్ట్స్‌గా వదులు. అంతకుమించి పెట్టుకుంటే పరీక్షల నెలలో చేతులెత్తేస్తావు.

కెమెరా కంటే ముందు మైకు కొనుక్కో. గడ్డానికి జానెడు కింద, చున్నీ రాసుకోని చోట తగిలించు. ఫ్యాను ఆపు. "హాయ్ ఫ్రెండ్స్, అందరూ ఎలా ఉన్నారు" అంటూ మొదలెట్టకు. గుత్తివంకాయ అయితే నూనె తేలిన కూరే మొదటి షాట్. తర్వాత ఛానెల్ లెక్కలు చూపే యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గీత చూడు, వీడియోని ఎంతమంది ఎక్కడిదాకా చూశారో అది చెబుతుంది. ఉల్లిపాయలు తరిగే దగ్గర అది జారిపోతుంటే, వచ్చే వీడియోలో ఆ ముక్క పది సెకన్లకు కుదించు.

కాస్త పేరు రాగానే బెట్టింగ్ యాప్‌ల వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఎంత ఇస్తామన్నా వద్దు. 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు అలాంటి ప్రచారం చేసినవాళ్ల మీద కేసులు పెట్టారు. ఆ ఏడాదే వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం, డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రకటన చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. చట్టం సంగతి అటుంచు, నిన్ను "అక్కా" అని పిలిచే పిల్లాడే కాలేజీ ఫీజు అందులో పోసేది. అది తలుచుకుంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మసాలా పొడులకో మిక్సీకో డబ్బు తీసుకుంటే మాత్రం, అది ప్రకటన అని వీడియో మొదట్లోనే చెప్పు. "స్పాన్సర్‌షిప్ వివరాలు" అంటూ మెయిల్‌లో జిప్ ఫైలు వస్తే తెరవకు, ఛానెళ్లు దొంగల చేతికి పోయేది ఎక్కువగా అలాగే. పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ కూడా అడిగే రెండంచెల లాగిన్ ఈ రోజే పెట్టుకో.

2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షల ఫాలోవర్లున్నవాళ్లు కూడా రాత్రికి రాత్రే రోడ్డున పడ్డారు. అందుకే నీ వీడియోలన్నీ హార్డ్ డిస్కులో దాచు.

ఇంటి గేటు, కాలేజీ బస్సు నంబరు ఫ్రేములో పడనీకు. ఊరెళ్లిన వీడియో ఊరొచ్చాకే పెట్టు. కామెంట్లు మొదట్లో అన్నయ్యను చూడమను, బూతు మాటలను స్టూడియోలో "బ్లాక్ చేసిన పదాల" జాబితాలో చేర్చమను.

ఆదివారం వస్తాను, ఆలోపు ఒక కూర వీడియో తీసి ఉంచు. కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ