ఎల్‌శాట్‌లో "అది కాదు, ఇది కాదు, కాబట్టి మూడోదే" అనే వాదనని బలపరచడం ఎలా?

ఎల్‌శాట్‌లో, అంటే అమెరికాలో లా కాలేజీల ప్రవేశ పరీక్షలో, "అది కాదు, ఇది కాదు, కాబట్టి మూడోదే" అని తేల్చే వాదన ఇచ్చి, దాన్ని బలపరిచే ఆప్షన్ పట్టుకోమంటే ప్రతిసారీ తప్పు పోతోంది, ఏం చేయాలి అని అడిగారు. నాదీ సరిగ్గా ఇదే బాధ అండి. డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట ప్రిపేర్ అయ్యేదాన్ని, మొదటి రెండు నెలలు లాజికల్ రీజనింగ్‌లో (చిన్న చిన్న వాదనలిచ్చి వాటి మీద ప్రశ్నలడిగే సెక్షన్) నేను పోగొట్టుకున్న మార్కుల్లో ఎక్కువ ఈ రకానివే.

ఒక చిన్న వాదన అల్లి చెబుతాను. ఒక ఇంట్లో సంతకం లేని పాత ఉత్తరం దొరికింది. తండ్రి రాయలేదని తేలింది, కొడుకు రాయలేదని తేలింది, కాబట్టి కూతురే రాసింది అంటారు. నేనైతే "తండ్రికి అప్పటికే చూపు బాగా తగ్గింది" అన్న ఆప్షన్ దగ్గర ఆగిపోయేదాన్ని, ఎందుకంటే అది వాదనలో ఉన్న మనిషి గురించే కదా, చదవగానే సరైనదే అనిపిస్తుంది. కానీ ఆయన కాదని ముందే ఒప్పుకున్నాక మళ్లీ ఆయన్నే పక్కకి నెడితే కూతురి వైపు ఏం పెరిగింది? అసలు ఖాళీ వేరే చోట ఉంది. రాయగలిగినవాళ్లు ఆ ముగ్గురేనా? తల్లి సంగతేంటి? వాదన ఆ మాట పైకి అనదు, మనమూ గమనించకుండా దాటేస్తాం. "ఆ రోజుల్లో ఆ ఇంట్లో చదువు వచ్చింది ఆ ముగ్గురికే" అనే ఆప్షన్ ఉంటే అదే జవాబు.

అయినా బయటివాళ్లెవరో రాసి ఉండొచ్చుగా అంటారా? ఉండొచ్చు. బలపరచమన్నారు గానీ నిరూపించమనలేదు, ఒక్క దారి మూసినా చాలు. ఇంకో సంగతి, ప్రశ్నలోనే "ఇది నిజమైతే" అని ఉంటుంది, కాబట్టి ఆప్షన్‌ని నమ్మాలా వద్దా అని ఆలోచించకూడదు, నిజమే అనుకుని వాదనకి ఏమవుతుందో చూడాలి. "దీనికి రుజువేది" అనుకుంటూ నేను సరైన ఆప్షన్లనే కొట్టేసేదాన్ని.

కొన్నిసార్లు కొట్టివేతలోనే లోపం ఉంటుంది. "కొడుకు అప్పుడు వేరే ఊళ్లో ఉన్నాడు, కాబట్టి అతను కాదు" అన్నారనుకోండి, అక్కడి నుంచి రాసి పంపించి ఉండొచ్చు కదా! అలాంటప్పుడు "ఆ కాగితం ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడా దొరికేది కాదు" లాంటిది జవాబవుతుంది. అందుకే ఒక్కోదాన్ని ఏ కారణంతో తీసేశారో తప్పకుండా చూడండి.

నాకు పనికొచ్చిన అలవాటు ఒకటే. వాదన చదవగానే, ఆప్షన్లు చూడకముందే, "నాలుగోది ఏది?" అని పక్కన రాసుకునేదాన్ని. మొదట్లో టైమ్ సరిపోదని టెన్షన్ పడ్డాను, సెక్షన్‌కి 35 నిమిషాలే మరి, కానీ మూడు వారాలకి రాయక్కర్లేకుండానే తట్టడం మొదలైంది. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే పజిల్స్ సెక్షన్ తీసేసి, మార్కులు లెక్కించే లాజికల్ రీజనింగ్ సెక్షన్లు రెండు చేశారు కాబట్టి ఈ సాధన మీకు నిజంగా కలిసొస్తుంది. తప్పు జవాబుకి మార్కులు కోయరు, టైమ్ అయిపోతుంటే ఏదో ఒకటి పెట్టండి, ఖాళీ మాత్రం వదలొద్దు.

మీరు ఈమధ్య తప్పు చేసిన వాదన ఒకటి మీ మాటల్లో రాసి పెట్టండి, నాలుగోది ఎక్కడ దాగుందో కలిసి చూద్దాం.