కొత్తగా సంఘ పెద్ద అయిన తమ్ముడికి

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి వందనాలు.

నీ ఉత్తరం అందింది. నిన్ను సంఘ పెద్దగా నియమించి ఆరు నెలలు గడిచాయనీ, ఈ ఆరు నెలల్లో విశ్వాసుల మధ్య ఒక్క గొడవ కూడా తలెత్తలేదనీ, ఈ ఐక్యత ఇలాగే నిలవాలంటే ఏమి చేయాలో చెప్పమనీ రాశావు. నీ సంతోషం తగ్గించాలని కాదు గానీ, ఆ మాట చదివినప్పుడు నాకు కొంత దిగులే కలిగింది. నలుగురు కలిసి ఉన్న చోట మాట పట్టింపులు రాక మానవు. అవి నీ చెవిన పడలేదంటే, నీ దాకా తేవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదేమో, లేదా చెప్పినా ప్రయోజనం లేదని వారు ఎప్పుడో తీర్మానించుకున్నారేమో ఒకసారి ఆలోచించు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మళ్ళీ నెమ్మదిగా చదువు. పెంతెకొస్తు నాడు పరిశుద్ధాత్మను పొందిన సంఘంలోనే, అపొస్తలులు స్వయంగా బోధిస్తున్న సంఘంలోనే, సణుగుడు మొదలైంది. అనుదిన పరిచర్యలో, అంటే రోజూ ఆహారం పంచే పనిలో, తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు బాధపడ్డారు. అపొస్తలులు వారిని గద్దించలేదు, ఐక్యతను చెడగొడుతున్నారని నింద మోపలేదు, ప్రార్థన చేసుకొమ్మని చెప్పి పంపివేయనూ లేదు. శిష్యులందరినీ పిలిపించి, సమస్యను అందరి ముందు ఉంచి, ఏడుగురిని ఎన్నుకొమ్మన్నారు. ఎన్నికైన ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో దాదాపు వారి మనుషుల చేతికే పంపిణీ బాధ్యత వెళ్ళిందన్నమాట. ఆ వెంటనే దేవుని వాక్యం ప్రబలమైందనీ శిష్యుల సంఖ్య విస్తరించిందనీ 7వ వచనం చెబుతుంది. ఒక సంఘం ఆరోగ్యంగా ఉందో లేదో తెలుసుకోవడానికి నేను పాటల ఉత్సాహాన్నీ హాజరునూ చూడను. అక్కడ అందరికంటే తక్కువ పలుకుబడి ఉన్న మనిషి మాట పెద్దల దాకా చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో చూస్తాను.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నేను పెద్దగా ఉన్న తొలి సంవత్సరాల్లో ఒక వృద్ధురాలు, సహాయ నిధి పంచడంలో కొందరినే పదే పదే పిలుస్తున్నారని నాతో రెండుసార్లు అన్నది. పెద్దల కూటంలో మాట్లాడతానని రెండుసార్లూ తలూపి, ఆ తర్వాత మరచిపోయాను. నిజం చెప్పాలంటే మరచిపోలేదు. ఆ జాబితా తయారు చేసిన సహోదరుణ్ణి నొప్పించడం ఇష్టంలేక వాయిదా వేశాను. ఆమె మూడోసారి అడగలేదు, ఆరాధనకు రావడమే మానుకుంది. ఆ సంవత్సరమంతా మేము ఐక్యంగా ఉన్నామనే అనుకున్నాం.

ఇక మనస్పర్థలు బయటపడినప్పుడు ఏమి చేయాలన్నది. మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన క్రమం నీకు తెలుసు: ముందు తప్పు చేసినవాడితో ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకొని, అప్పటికీ వినకపోతే సంఘానికి. దీనిని బోధించని సంఘం లేదు, పాటించే సంఘం అరుదు. మనం సాధారణంగా మూడో మెట్టు నుండి, అదీ వంకర దారిలో మొదలుపెడతాం. ఎవరి మీద బాధ ఉందో ఆ మనిషికి తప్ప మిగిలిన వారందరికీ చెప్పి, చివర ‘వారి కోసం ప్రార్థన చేయండి’ అని చేర్చేసరికి కొండెం కాస్తా ప్రార్థన మనవి అయిపోతుంది. ఎవరైనా నీ దగ్గరకు వచ్చి మరొకరిని గురించి చెప్పడం మొదలుపెడితే, ‘ఈ మాట ఆయనతో చెప్పావా?’ అని మొట్టమొదట అడుగు. చెప్పలేదంటే, వెళ్ళి చెప్పమను. అయితే ఒక జాగ్రత్త: బలవంతుడు బలహీనుణ్ణి హింసించిన సందర్భంలో, పిల్లలకు గానీ స్త్రీలకు గానీ హాని జరిగిన సందర్భంలో, బాధితుణ్ణి ఒంటరిగా ఆ మనిషి దగ్గరకు పంపడం క్రూరత్వం. అక్కడ నీవే ముందు నిలబడాలి, చట్టానికి తెలియజేయవలసినది తెలియజేయాలి. సంఘం పరువు పోతుందన్న భయంతో దాచిపెడితే సంఘాన్ని కాపాడినట్లు కాదు.

ఇద్దరి మధ్య నిలబడవలసి వచ్చినప్పుడు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం తీసి చూడు. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు సహోదరీలకు ఏ విషయంలో పడలేదో పౌలు చెప్పలేదు, ఎవరిది తప్పో తేల్చలేదు. గ్రీకు మూలంలో ‘బతిమాలుకొనుచున్నాను’ అన్న క్రియను ఒక్కొక్కరి పేరుతో విడివిడిగా వాడాడు. ఒకరి పక్షాన నిలిచి రెండోవారిని దిద్దుతున్నట్లు వినబడకుండా అంత జాగ్రత్త పడ్డాడు. వారిద్దరూ సువార్త పనిలో తనతో కూడా ప్రయాసపడినవారని గుర్తుచేసి, వారికి సహాయం చేయమని మూడో మనిషిని కోరాడు. నేను సర్దుబాటు చేయబోయి చెడగొట్టిన తగాదాలన్నిటిలోనూ నా పొరపాటు ఒక్కటే: తీర్పు చెప్పాలన్న తొందర.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో ఆలోచించవలసినది తక్కువ, చేయవలసినదే ఎక్కువ. యెరూషలేము పరిశుద్ధుల కోసం కానుకలు పోగుచేసినప్పుడు, పౌలు తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన ఒక సహోదరుణ్ణీ, మరొక సహోదరుణ్ణీ కూడా పంపాడు. అపొస్తలుడే తన మీద ఎవరూ తప్పు మోపకుండా అంత జాగ్రత్త పడితే, మనం కానుకల పెట్టెను ఒక్కరి చేతికి ఎలా అప్పగిస్తాం? ఒకరికొకరు బంధుత్వం లేని ఇద్దరు కలిసి లెక్కించాలి, అక్కడే రాసి సంతకం చేయాలి, అడిగినవారికి లెక్క చూపాలి. లెక్క అడిగినవాణ్ణి అవిశ్వాసి అన్నట్లు చూడడం మొదలైన రోజే సంఘం జబ్బు పడిందని తెలుసుకో.

ప్రభువు బల్ల గురించి, అంటే ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టెనూ ద్రాక్షారసాన్నీ పంచుకోవడం గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. కొరింథు సంఘంలో పరిశుద్ధాత్మ ఇచ్చే కృపావరాలకు లోటు లేదు. అయినా ‘నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను’ అంటూ వర్గాలుగా చీలారు; ప్రభువు భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుడయ్యాడు. లేనివారిని సిగ్గుపరుస్తున్నారని పౌలు వారిని గట్టిగా మందలించి, ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకొని ఉండండని చెప్పాడు. బల్లలో పాలు పొందేముందు ఎవరి పాపాలు వారు పరిశీలించుకోవాలని మనం చెబుతాం, అది సరైనదే. అయితే ఆ పరిశీలనలో, నా పక్కన కూర్చున్న సహోదరుడి స్థితి నాకు తెలుసా అన్న ప్రశ్న కూడా ఉందని చెప్పేవారు తక్కువ. నీవు చెప్పు.

ఐక్యత పేరుతో అందరినీ ఒకే మూసలో పోయవద్దు. రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో ఆహారం గురించీ, ఆచరించే దినాల గురించీ భేదాలున్నవారిని పౌలు ఒకే అభిప్రాయానికి తేలేదు. తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదనీ, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదనీ మాత్రం చెప్పాడు. అదే పౌలు, అంతియొకయలో పేతురు యూదులు కాని విశ్వాసులతో భోజనం మాని వెనుకకు తీసినప్పుడు, అందరి ఎదుట అతణ్ణి నిలదీశాడు, ఎందుకంటే అక్కడ సువార్త సత్యమే ప్రమాదంలో పడింది. ఏది అభిరుచి, ఏది సువార్త అన్నది వేరుచేసి చూడడమే పెద్దరికంలోని కష్టమైన భాగం. పాట రాగాల మీద చీలి, బోధలోని అబద్ధాన్ని సహించిన సంఘాలను నేను చూశాను.

చివరిగా నీ గురించి. యోహాను మూడో పత్రికలో దియొత్రెఫే అనే మనిషి కనిపిస్తాడు. ప్రధానత్వం కోరి, సహోదరులను చేర్చుకోక, చేర్చుకోదలచినవారిని సంఘం నుండి వెలివేశాడు. అతడు దుర్బోధ చేశాడని ఆ పత్రికలో ఎక్కడా లేదు. మొదటి స్థానం కోరడమే చాలింది. కాబట్టి నీతో విభేదించగలిగిన ఇద్దరిని నీ పక్కనే పెద్దలుగా ఉండనివ్వు, నీవు లేని రోజున కూడా వాక్యపరిచర్య చక్కగా జరిగేలా ఇతరులను సిద్ధపరచు, అది అలా జరిగిన రోజున నీ మనస్సులో ఏమి కదిలిందో ప్రభువు ఎదుట దాచుకోకు.

నీ ఉత్తరం చివరలో ఒక కుటుంబం రెండు నెలలుగా రావడం లేదనీ, పని ఒత్తిడి వల్ల కావచ్చుననీ ఒక్క వాక్యంలో రాసి వదిలేశావు. ఈ వారమే వారి ఇంటికి వెళ్ళు. మిగిలిన పెద్దలను వెంటబెట్టుకొని వెళ్ళకు, అది విచారణలా కనిపిస్తుంది. మళ్ళీ ఎప్పుడు వస్తారని అడగకు; మా వల్ల ఏమైనా జరిగిందా అని అడిగి, ఊరుకో. వారు నీ పేరే చెబితే ఆ రోజు సమాధానం చెప్పుకోకుండా ఇంటికి తిరిగిరా. వారు ఏమి చెప్పారో నాకు రాయనక్కర లేదు, అది నీకూ వారికీ మధ్య మాట. వెళ్ళానని మాత్రం రాయి.

ప్రభువునందు నీ అన్న