సభకు మూలం సంస్థాపకులా, క్రీస్తు ప్రభువా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ఒక సిస్టర్ల సభలో చేరతానంటోంది. వివరాలు తెలుసుకుందామని చిత్తూరులోని వారి మఠానికి వెళ్తే, తమ సభ ఆధ్యాత్మికతకు మూలం క్రీస్తు ప్రభువేనని మదర్ సుపీరియర్ అన్నారు. గోడల మీద మాత్రం సంస్థాపకురాలి చిత్రాలూ ఆమె సూక్తులే ఎక్కువగా కనిపించాయి. అన్ని సభలకూ మూలం క్రీస్తే అయితే ఇన్ని సభలెందుకు? పొద్దున లేచింది మొదలు బడి, హాస్టలు, ఆసుపత్రి పనుల్లో తలమునకలయ్యే వారి జీవితంలో ఆ మూలం ఎక్కడుంటుంది? – ఒక తల్లి, తిరుపతి

జవాబు: మదర్ సుపీరియర్ ఆ మాట మర్యాద కోసం అన్నది కాదమ్మా. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, తన మఠవాసులందరికీ విధించిన నియమమే అది. ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న మఠవాస జీవిత పునరుద్ధరణపై వెలువరించిన పత్రంలో, సువిశేషం (సువార్త) చూపిన క్రీస్తును అనుసరించడమే ఈ జీవితానికి తుది ప్రమాణమనీ, ప్రతి సభా దానినే అత్యున్నత నియమంగా పాటించాలనీ చెప్పింది. సంస్థాపకుల స్ఫూర్తిని, ఆశయాలను గుర్తించి నమ్మకంగా కాపాడుకోవాలన్న మాట దాని తర్వాతే వస్తుంది. మీ సందేహానికి జవాబు ఈ వరసలోనే ఉంది. సంస్థాపకురాలి పటం ముందు నిలబడిన సిస్టరు, ఆ తల్లి ఎవరిని చూస్తూ బ్రతికిందో ఆయనను చూడగలగాలి.

ఇక ఇన్ని సభలెందుకంటే, సువిశేషంలోని క్రీస్తును ఏ ఒక్కరూ సంపూర్ణంగా చూపలేరు గనుక. ఫ్రాన్సిస్కన్ సభ సంస్థాపకులైన అస్సీసిపుర ఫ్రాన్సిస్ వారిని ఆకట్టుకున్నది పశువుల తొట్టిలోనూ సిలువ మీదా కనిపించిన నిరుపేద క్రీస్తు. 1223లో పోపు గారి ఆమోదం పొందిన ఆయన నియమావళి, యేసుక్రీస్తు సువిశేషాన్ని పాటించడమే తన సహోదరుల జీవితమని మొదటి వాక్యంలోనే చెబుతుంది. ఆ ఏడాదే ఆయన గ్రేచ్చో గ్రామంలో క్రిస్మసు తొట్టిని ఏర్పాటు చేయించారు. ఆరవ శతాబ్దికి చెందిన బెనెడిక్టు వారు, క్రీస్తు ప్రేమకు మించి దేనినీ ఎంచరాదని తన మఠవాసులకు చెప్పి, గడపలోకి వచ్చిన ప్రతి అతిథినీ క్రీస్తుగానే స్వీకరించాలని నియమం పెట్టారు. మదర్ తెరేసా 1950లో కలకత్తాలో స్థాపించిన సభ ప్రార్థనాలయాల్లో సిలువ పక్కన ‘దాహముగొనుచున్నాను’ అన్న ప్రభువు మాట రాసి ఉంటుంది. వీధిలో పడి ఉన్న మనిషిని ఎత్తుకునే ఆ సిస్టర్ల సేవ అంతా ఆ ఒక్క మాటకు ఇచ్చే జవాబే.

మన ప్రాంతానికీ ఇందులో కథ ఉంది. 18వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో పుంగనూరుకు వచ్చిన ఫ్రెంచి యేసు సభ (జెస్యూట్) గురువులు ఈ దేశపు సన్యాసుల వేషాన్నీ ఆహార నియమాలనూ స్వీకరించారు. ప్రజలను ఆకట్టుకునే ఉపాయంగా మాత్రమే దానిని లెక్కగట్టేవారున్నారు. కానీ తనను తాను రిక్తునిగా చేసుకుని దాసుని రూపం ధరించిన క్రీస్తును గురించి పౌలు ఫిలిప్పీయులకు రాసిన మాటలను నిత్యం ధ్యానించే గురువులకు, సొంత దేశపు అలవాట్లను వదులుకోవడం ఆయన నడిచిన దారిలో నడవడం కూడా అయి ఉంటుందని నా నమ్మకం.

అయితే ఇంతవరకు చెప్పినదానిని బట్టి క్రీస్తు కేవలం ఒక ఆదర్శం అనుకుంటే అసలు విషయం జారిపోతుంది. ఎన్నడో జీవించిన ఆదర్శపురుషుణ్ణి గౌరవించవచ్చు, అనుకరించడానికి ప్రయత్నించవచ్చు. ఆయన నుంచి ఈ పూట బలం పొందడం మాత్రం సాధ్యం కాదు. నేను ద్రాక్షావల్లిని, మీరు రెమ్మలు, నన్ను వేరై మీరేమీ చేయలేరు అని యోహాను సువిశేషం 15వ అధ్యాయంలో ప్రభువు చెప్పినది సజీవ సంబంధం గురించి. 16వ శతాబ్దిలో కార్మెల్ సభను సంస్కరించిన అవిలాపురి తెరేజమ్మ ఈ విషయంలో ఎంతో పట్టుదల చూపింది. ప్రార్థనలో ఉన్నత స్థితికి చేరినవారు క్రీస్తు మానవరూపాన్ని కూడా దాటి, రూపరహితమైన దైవత్వంలో నిలవాలని ఆమె కాలంలో కొన్ని పుస్తకాలు బోధించేవి. ఆమె కూడా కొంతకాలం ఆ దారి పట్టి, అది తనకు ఎంతో నష్టమని గ్రహించి వెనక్కి వచ్చింది. దేవుని దగ్గరకు ద్వారం ఆ మానవరూపమేననీ, ఎంత ఎదిగినవారైనా ఆ ద్వారం విడువరాదనీ తన ఆత్మకథలో రాసింది. ప్రార్థన అంటే మనలను ప్రేమిస్తున్నాడని తెలిసిన స్నేహితునితో తరచూ ఏకాంతంగా మాట్లాడటమేనని ఆమె చెప్పినదీ అందుకే.

మీ చివరి ప్రశ్నే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది. 1983 నాటి శ్రీసభ చట్టం, దైవధ్యానమూ ప్రార్థనలో దేవునితో నిత్య ఐక్యతా మఠవాసుల ప్రథమ కర్తవ్యమని 663వ నియమంలో చెబుతూ, వీలైనంతవరకు ప్రతిరోజూ దివ్యబలిపూజలో పాల్గొని దివ్యసత్ప్రసాదం స్వీకరించమనీ, పవిత్ర గ్రంథాన్ని చదివి ధ్యానించమనీ, ఏటా వడకం (కొన్ని రోజుల ఏకాంత ధ్యానం) చేయమనీ ఆదేశిస్తుంది. బడి, ఆసుపత్రి ఆ తర్వాతివి. దారిద్ర్యం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు మాటపట్టులు (వ్రతాలు) కూడా ఆంక్షల జాబితా కావు. తల వాల్చడానికి చోటులేక తిరిగి, గెత్సెమనిలో తండ్రి చిత్తానికి తలవంచిన క్రీస్తు జీవించిన తీరే అవి. అయినా పనులు పెరిగి ప్రార్థన కుంచించుకుపోయే మఠాలు లేకపోలేదు. అటువంటి చోట సేవ ఉద్యోగంగా మారి, అలసట చేదుగా మిగులుతుంది. మీ భయం అనవసరమైనదని నేను అనను.

కాబట్టి అమ్మాయిని తీసుకుని మరోసారి, ఈసారి తెల్లవారుజామున వెళ్ళండి. అందరూ కలిసి ప్రార్థనాలయంలో ఎంతసేపు గడుపుతారో చూడండి. వంటమనిషితో, వాచ్‌మన్‌తో ఎలా మాట్లాడతారో గమనించండి. నేనైతే గోడల మీది చిత్రాలకన్నా దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. చేరిన వెంటనే జీవితమంతా కట్టుబడిపోతుందన్న ఆందోళన కూడా వద్దు. నొవిషియేట్ అనే తొలి శిక్షణ కాలం కనీసం 12 నెలలు ఉంటుంది, ఆ తర్వాత తాత్కాలిక మాటపట్టు కనీసం మూడేళ్ళు. అవి పూర్తయ్యాకే నిత్యమాటపట్టు. నొవిషియేట్‌లో ఉన్నంతకాలం ఎప్పుడైనా ఇంటికి తిరిగి రావచ్చు, తాత్కాలిక మాటపట్టు గడువు ముగిసినప్పుడు కూడా స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చు. ఆ సభ నియమావళి ప్రతి ఒకటి అడిగి తెచ్చుకుని అమ్మాయితో కలిసి చదవండి. అర్థం కానిచోట మీ విచారణ గురువును (మీ చర్చి ఫాదరును) అడగండి.