సమాధానం: జీవాలకు పారుడు రోగం జింకల వల్లే వచ్చిందా?

ఆస్పరి వైపు చేలల్లో తిరిగే కృష్ణజింకలే మీ మందకు పీపీఆర్, అంటే గొర్రెలకు, మేకలకు వైరస్ వల్ల వచ్చే పారుడు రోగం అంటించాయని ఊళ్లో అంటున్నారనీ, జన్యు పరీక్షతో ఆ సంగతి తేలుతుందా అనీ అడిగారు. తేలే అవకాశం ఉంది గానీ, వైరస్ ఉందో లేదో చెప్పే మామూలు పీసీఆర్ పరీక్ష అందుకు చాలదు. ఈ వైరస్‌లోని నాలుగు వంశాలలో మన దేశంలో ప్రధానంగా కనబడేది నాలుగోదే కాబట్టి, గొర్రెలోనూ జింకలోనూ అదే దొరికినంత మాత్రాన రుజువైనట్టు కాదు. దాదాపు 16,000 అక్షరాల పూర్తి జన్యుక్రమాన్ని చదివి, రెండింటిలో ఉమ్మడిగా ఉన్న చిన్న చిన్న మార్పులను, నమూనాలు తీసిన తేదీలతోనూ చుట్టుపక్కల మందల నమూనాలతోనూ సరిచూడాలి.

మంగోలియాలో 2016-17లో వేలాది సైగా జింకలు చనిపోయినప్పుడు వ్యాధి వాటికి సోకింది పెంపుడు మందల నుంచే. అందుకే నేనైతే జింకల కంటే ముందు సంతలో కొత్తగా కొన్న పొట్టేళ్లను, వలస మందలను అనుమానిస్తాను.

జ్వరం మీద ఉన్న జీవానికి, ముక్కు చుట్టూ పక్కు కట్టకముందే, కంటి, ముక్కు స్రావాలను పశువైద్యుడి చేత తీయించి ఐసు పెట్టెలో పంపించండి. టీకా వేయించిన తేదీ కూడా రాసివ్వండి; మన జీవాలకు వేసే సుంగ్రి 96 టీకాలోని వైరస్ సైతం నాలుగో వంశానిదే కాబట్టి, దాన్ని రోగం వైరస్‌గా పొరబడకుండా ఉండాలి. చనిపోయిన జింక కనబడితే మాత్రం ముట్టుకోకుండా అటవీ శాఖకు తెలియజేయండి.