చంద్రుడి మీద దిగిన పిల్లి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. రెండోసారి గొంతెత్తి చదివాను, ఎందుకంటే పిల్లలు పుస్తకాన్ని ముందు చెవితోనే చదువుతారు. పిల్లిని అంతరిక్షంలోకి పంపాలన్న ఊహ నాకెంతో నచ్చింది. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను.

నీ కథలో పిల్లి నాకు కనబడలేదు. రాకెట్ ఎక్కింది, ఎనిమిది గ్రహాలూ చుట్టింది, పేజీకొక సంగతి చొప్పున అప్పజెప్పింది. దాని స్థానంలో కుందేలును పెట్టినా ఒక్క వాక్యం మారదు. తోక తగిలించుకున్న పంతులు లాగా ఉంది.

పిల్లికి ఏం తెలుసు? జారిపడితే గాలిలోనే ఒళ్లు తిప్పుకొని కాళ్ల మీద దిగడం తెలుసు. మరి 'కింద' అనేదే లేని చోట ఏం చేస్తుంది? కాసేపు బరువు తెలియకుండా చేసే విమానాల్లో పిల్లులను వదిలి చూశారు. ఎటు తిరగాలో తోచక అవి గాలిలో మెలికలు తిరిగాయి. నీకు కావలసిన పేజీ అదే. భూమి చుట్టూ తిరిగే నౌకలో పాలు గిన్నెలో నిలవవు, గుండ్రంగా ముద్దకట్టి తేలుతాయి. కదిలే ప్రతిదాన్నీ పంజాతో తట్టి చూసే జీవి ముందుకు పాలే బంతిలా వస్తే! అక్కడ వివరణ రాయకు. ఐదేళ్ల పిల్ల తనంతట తానే గ్రహించి నవ్వుతుంది.

'ధడేల్' మాట గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. రాకెట్ 'ధడేల్'మని చంద్రుడి మీద దిగిందన్నావు. లోపల ఉన్న పిల్లికి ఆ చప్పుడు వినబడుతుంది కాబట్టి ఉంచు. కానీ తలుపు తీశాక చంద్రుడి మీద గాలి లేదు, శబ్దం ప్రయాణించదు. ఎలుక అడుగుల అలికిడికి కూడా చెవులు రిక్కించే పిల్లి అక్కడ ఏమీ వినలేదు. శిరస్త్రాణం లోపల దాని ఊపిరి, దాని గుర్రు మాత్రమే. రెండు పేజీల నిండా నల్లటి ఆకాశం, ఒక మూల చిన్న పిల్లి, 'గుర్ర్' అన్న ఒకే ఒక్క మాట. నీ పుస్తకానికి గుండె అదేనని నా నమ్మకం.

'నల్లటి ఆకాశం' అని మాత్రం నువ్వు రాయకు, చిత్రకారుడు చూపిస్తాడు. నా తొలి పుస్తకంలో ఎర్ర గొడుగు గురించి వాక్యం రాశాను, పక్కనే ఎర్ర గొడుగు బొమ్మ వచ్చింది. ఆ పేజీలో పిల్లలు వెతుక్కోవడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పటికీ ఆ పేజీ తిప్పితే బాధేస్తుంది.

బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు. లోపలి అట్టలు, వివరాల పేజీలు పోగా కథకు 12 నుంచి 14 జంట పేజీలు మిగులుతాయి. ఎనిమిది గ్రహాలకు అవి చాలవు. చంద్రుడు ఒక్కడు చాలు. కుడి పేజీ చివర ఒక ప్రశ్న వదులు, జవాబు పేజీ తిప్పాక రానీ.

ఇక నీ చివరి మాట. 1963 అక్టోబరు 18న ఫ్రాన్స్ వాళ్లు ఫెలిసెట్ అనే పిల్లిని రాకెట్‌లో పంపిన సంగతి రాసి, తర్వాత అది హాయిగా బతికిందని ముగించావు. అది ప్రాణంతో తిరిగొచ్చిన మాట నిజం. కానీ సుమారు రెండు నెలల తర్వాత పరిశోధన కోసం దాన్ని చంపేశారు. 1957లో వెళ్లిన లైకా అనే కుక్కకు తిరుగు ప్రయాణమే ఏర్పాటు చేయలేదు, వేడికి కొన్ని గంటల్లోనే చనిపోయింది. 'అది తిరిగి వచ్చిందా?' అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. కథలో నీ పిల్లిని క్షేమంగా ఇంటికి చేర్చు, అది నీ హక్కు. నిజంగా ఉన్న ఆ ఫెలిసెట్ గురించి మాత్రం 'హాయిగా' అన్న మాట తీసెయ్యి. సంతోషమైన నిజమే కావాలంటే 1960 ఆగస్టులో భూమిని చుట్టి బతికి తిరిగొచ్చిన బెల్కా, స్ట్రెల్కా అనే కుక్కలు ఉన్నాయి. స్ట్రెల్కా తర్వాత పిల్లలనూ పెట్టింది.

ఎనిమిది కాగితాలు మధ్యకు మడిచి కుట్టు, 32 పేజీలవుతాయి. అందులో పెన్సిలుతో కథ పంచి, నాకు పంపించు. 'గుర్ర్' ఏ పేజీలో పెట్టావో ముందు అదే చూస్తాను.